పార్సీపూర్ జైలు సరే, నవలల మాటేమిటి?

సంపాదకుల వారికి,

నమస్కారాలు. ఇటీవల మీ ఆదివారం సాహిత్య పుటలో ఇరాన్ నవలా రచయిత్రి షహర్‌నూష్ పార్సీపూర్ గురించి వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇరాన్ పేరు చెబితే చమురు ధరలూ యుద్ధ వార్తలూ తప్ప మరొకటి గుర్తుకు రాని ఈ రోజుల్లో, దేశం విడిచి మూడు దశాబ్దాలు దాటినా ఫార్సీనే తన రచనాభాషగా నిలుపుకున్న ఒక రచయిత్రికి అర పేజీ కేటాయించినందుకు ముందుగా మీకు కృతజ్ఞతలు. అయితే ఆ అర పేజీలో సింహభాగం ఆమె జైలు జీవితానికీ, మిగిలినది ఆమె నవల ఆధారంగా తీసిన సినిమాకూ సరిపోయింది. ఆమె ఏం రాశారన్నది రెండు వాక్యాల్లో ముగిసిపోయింది. ఆ నవలలను ఇంగ్లీషు అనువాదాల్లో చదివి, మా ఊరి గ్రంథాలయంలో మధ్యాహ్నం పూట చేరే ఆడవాళ్లకు వాటిని తెలుగులో చెబుతూ వస్తున్న విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలిని కాబట్టి, ఆ లోటు గురించీ, వ్యాసంలో దొర్లిన కొన్ని పొరపాట్ల గురించీ చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

నవల రాసిన నేరానికి విప్లవ ప్రభుత్వం ఆమెను అయిదేళ్లు జైల్లో పెట్టిందని వ్యాసకర్త రాశారు. జరిగిన వరుస వేరు. 1946 ఫిబ్రవరిలో టెహ్రాన్‌లో పుట్టిన పార్సీపూర్ అక్కడి విశ్వవిద్యాలయంలోనే సమాజశాస్త్రం చదివి, ప్రభుత్వ టెలివిజన్‌లో గ్రామీణ స్త్రీల కార్యక్రమానికి నిర్మాతగా పని చేశారు. 1974లో ఇరాన్ రాజు షా ప్రభుత్వం ఖుస్రో గోల్‌సొర్ఖీ అనే కవికీ ఆయన సహచరుడికీ మరణశిక్ష అమలు చేసినప్పుడు ఆమె నిరసనగా ఆ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చారు. ఫలితంగా షా రహస్య పోలీసుల చేతికి చిక్కి 54 రోజులు జైల్లో ఉన్నారు. ఆ తరువాత ఫ్రాన్స్ వెళ్లి చైనా భాషనూ నాగరికతనూ చదువుకుని, విప్లవం వచ్చాక, 1980లో, స్వదేశానికి తిరిగి వచ్చారు. మరుసటి ఏడాదే కుటుంబ సభ్యులతో పాటు ఆమెను పట్టుకుపోయారు. ఏ నేరమూ పద్ధతి ప్రకారం మోపకుండానే నాలుగేళ్ల ఏడు నెలలు నిర్బంధంలో ఉంచారు. ఏ నవల కారణంగా ఆమె జైలు పాలయ్యారని వ్యాసకర్త చెప్పారో ఆ నవల అప్పటికి పుస్తకంగా అచ్చే కాలేదు. అది 1989లో వెలువడింది. వెలువడ్డాక దాన్ని నిషేధించారు, దాని కారణంగా ఆమెను మరి రెండు సార్లు అరెస్టు చేశారు.

ఈ వరుసకు నేను ఇంత ప్రాధాన్యం ఇవ్వడానికి కారణం ఉంది. రాజరికమూ ఆమెను జైల్లో పెట్టింది, రాజును దించిన వారూ పెట్టారు. ఈ సంగతి దాటవేసి రాస్తే, ఆమె ఏదో ఒక ప్రభుత్వానికి శత్రువుగానూ, ఆ ప్రభుత్వానికి శత్రువులైన దేశాలకు అనుకూలమైన సాక్షిగానూ మిగిలిపోతారు. ఆమె నవలలు చదివిన వారెవరూ ఆమెను అంత ఇరుకు చోట కూర్చోబెట్టలేరు. ఆమె ప్రశ్నలు సింహాసనం మీద ఎవరున్నారన్న దగ్గర ఆగవు. ఇంట్లో అన్నగారి దగ్గర మొదలవుతాయి, తండ్రిగారి పుస్తకాల గదిలో మొదలవుతాయి.

ఇప్పుడు ఆ నవల సంగతి. తెలుగులో 'పురుషులు లేని స్త్రీలు' అని చెప్పుకోదగిన ఆ చిన్న పుస్తకం 1953 ఆగస్టు నాటి టెహ్రాన్‌లో నడుస్తుంది. చమురును జాతీయం చేసిన ప్రధాని మొసద్దిక్‌ను బ్రిటన్, అమెరికా గూఢచారి సంస్థల అండతో కూలదోసిన నెల అది. (మా వైపు పెద్దవాళ్లకు 1953 ఆగస్టు అంటే గోదావరి వరద. ఏ గట్టు తెగిందో, ఏ లంక మునిగిందో చెప్పుకునే ఆ రోజుల్లోనే అక్కడ ఒక దేశం దిశ మారిపోయిందని నాకు ఈ నవల చదివే దాకా తట్టలేదు.) వీధుల్లో ఊరేగింపులు, కాల్పులు జరుగుతుండగా అయిదుగురు ఆడవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో దారిన నగరం వదిలి, టెహ్రాన్‌కు పడమరగా ఉన్న కరజ్ అనే ఊళ్లోని ఒక తోటకు చేరుకుంటారు.

వారిలో మొదటిది మహ్‌దొఖ్త్ అనే బడి పంతులమ్మ. పేద పిల్లలకు స్వెట్టర్లు అల్లిపెట్టడానికి తనకు వెయ్యి చేతులుంటే బాగుండునని కోరుకునే మనిషి. తోటలోని గాజు గదిలో పనిపిల్ల తోటమాలితో ఉండగా చూసి, ఆ దృశ్యాన్ని మనసులోంచి తుడిచేసుకోలేక, తనను తాను నేలలో నాటుకుని చెట్టుగా మారాలని నిర్ణయించుకుంటుంది. మారుతుంది కూడా. రచయిత్రి ఇదంతా ఎక్కడా గొంతు పెంచకుండా, వంటింటి సంగతి చెప్పినంత మామూలుగా చెబుతారు.

రెండో స్త్రీ మూనిస్‌కు ముప్పై ఎనిమిదేళ్లు. కన్యత్వం పోగొట్టుకున్న ఆడపిల్లను దేవుడు క్షమించడని ఎనిమిదో ఏట ఎవరో చెబితే, అప్పటి నుంచి చెట్టెక్కడం మానేసిన మనిషి. తాను నమ్మినదంతా శరీరం గురించిన తప్పుడు సమాచారమని అంత వయసు వచ్చాక తెలుసుకుని, చెట్ల వైపు చూస్తూ గడిపేసిన ఆ బాల్యం గుర్తొచ్చి ఆమెకు వచ్చే కోపం ఉందే, ఆ పేజీలను నేను చాలాసార్లు చదివాను. ఆమె మేడ మీద నుంచి పడి చనిపోతుంది, లేచి వస్తుంది. లేచి వచ్చి నెల రోజులు ఊరంతా తిరిగి, పుస్తకాల దుకాణం ముందు నిలబడి, మన శరీరం గురించి మనం తెలుసుకోవడమెలాగో చెప్పే ఒక పుస్తకం కొని చదువుతుంది. ఇంటికి వస్తే అన్న అమీర్ ఖాన్ పరువు పోయిందని కత్తితో పొడిచి చంపుతాడు. స్నేహితురాలు ఫాయిజె సాయంతో పెరట్లో పాతిపెడతారు. ఆ మట్టిలోంచి మూనిస్ మళ్లీ పిలుస్తుంది, పాతిన ఫాయిజె చేతనే తవ్వించుకుని బయటికి వస్తుంది.

ఈ కథ నేను మా గ్రంథాలయంలో చెప్పిన రోజున జరిగిన మాట ఒకటి మీ పాఠకులకు చెప్పాలి. పత్రికల బల్లకు ఇటుపక్క కొందరం కూర్చున్నాం. మహ్‌దొఖ్త్ చెట్టయిపోవడం దగ్గర నేను ఆగాను. ఇక ఆమె జోలికి ఎవరూ రారు కదా అని ఒక అమ్మాయి అంది. కువైట్‌లో చాలా కాలం ఇంటిపని చేసి వచ్చిన ఒక పెద్దావిడ, గుమ్మం దగ్గర కూర్చుని వింటున్నావిడ, "చెట్టయితే మాత్రం ఏవుందండీ, ఎవరి తోటలో ఉంటే ఆళ్లదే కదా" అంది. నవలలో తరువాత జరిగేది నేనింకా చెప్పలేదు. చెల్లెలు చెట్టయిపోయిందన్న సిగ్గుతో ఆ కుటుంబం చెట్టుతో సహా తోటను అమ్మేస్తుంది! కొనేది ఫరొఖ్‌లఖా అనే ధనవంతురాలు. భర్త చనిపోయాక తొలిసారి తన ఇష్టప్రకారం బతకాలనుకుంటూ తోటకు వచ్చిన ఆమె సైతం మనిషి చెట్టును చూపించి నగరంలో పేరు తెచ్చుకోవచ్చునని లెక్కలు వేస్తుంది. కొబ్బరి తోటల బేరాలు చూస్తూ పెరిగిన మా పెద్దావిడ విమర్శకులెవరూ పట్టుకోని కీలకాన్ని ఒక్క మాటలో పట్టుకుంది. అలాంటి పాఠకులు ఈ గోదావరి మండలంలో ఊరికి పది మంది ఉన్నారు, వారి దాకా ఈ పుస్తకం రాలేదు, అదే నా బాధ.

వ్యాసకర్త ఈ నవలను 'మగవాళ్లు లేని స్వర్గం' అని వర్ణించారు. పేరు చూసి అలా అనిపించవచ్చు గాని, పుస్తకం అలా లేదు. ఆ తోటలో మగవాడు ఉన్నాడు. తన దగ్గరికి వచ్చే మగాళ్లంతా తలలు లేకుండా కనబడుతుంటే భయపడి పడుపుగృహం నుంచి పారిపోయి వచ్చిన జరీన్‌కొలాకు తలతో సహా కనబడిన తోటమాలి అతను. ఆమె అతన్ని పెళ్లాడుతుంది, ఒక పువ్వుకు జన్మనిస్తుంది, ఆమె చనుబాలతో ఆ తోటమాలి మనిషి చెట్టును పెంచుతాడు. చివరికి చెట్టు విత్తనాలుగా చిట్లి నీళ్లలో పడి లోకమంతా తిరగడానికి పోతుంది. స్వర్గమైతే అందరూ అక్కడే ఉండిపోవాలి. ఇక్కడ ఒక్కొక్కరూ వెళ్లిపోతారు. ఫాయిజె అయితే తిరిగి వెళ్లి, మూనిస్‌ను చంపిన అదే అమీర్ ఖాన్‌కు రెండో భార్య అవుతుంది. వారి కాపురం మంచిగానూ లేదు, చెడ్డగానూ లేదన్నట్టు రచయిత్రి ఆ సంగతిని పక్కన పెట్టేస్తారు. నినాదం రాయదలచుకున్న మనిషి ఈ పని చెయ్యదు. తన పాత్రల్లో ఒకరు చెట్టయి ఒకరు సవతి అయినా ఎవరినీ నిందించకుండా వదిలిపెట్టగలిగిన ఈ నిబ్బరమే పార్సీపూర్‌ను పెద్ద రచయిత్రిని చేసిందని నా అభిప్రాయం.

మరొక్క విషయం. ఈ నవలను పార్సీపూర్ 1970లలోనే పూర్తి చేసుకున్నారు. అంటే నగరం నుంచి పారిపోయిన ఆడవాళ్లు ఊపిరి పీల్చుకునే చోటుగా ఆమె కరజ్‌ను ఊహించిన కొన్నేళ్లకు, అదే కరజ్ ప్రాంతంలోని ఖెజెల్ హెసార్ జైలు గోడల మధ్య ఆమెను ఉంచారు. ఆ కాలం గురించి ఆమె రాసిన జైలు జ్ఞాపకాలు 1996లో స్వీడన్‌లో ఫార్సీలో అచ్చయ్యాయి, 2013లో ఇంగ్లీషులో వచ్చాయి. రాత్రుళ్లు వినబడిన తుపాకుల మోతను బట్టి ఎందరు పోయారో లెక్కపెట్టుకునే ఖైదీల గురించి అందులో ఆమె రాసిన తీరు, చెట్టయిన స్త్రీ గురించి రాసిన తీరు ఒక్కటే, రెండు చోట్లా అదే నెమ్మది. వ్యాసకర్త ఆ జ్ఞాపకాల లోంచి హింస ఉన్న చోట్లనే ఎత్తి రాశారు. ఆ హింస నిజమే, తెలియవలసినదే. కాని తోటి ఖైదీలను, అందులో తాను ఏకీభవించని రాజకీయాల వారిని కూడా, ఎంత శ్రద్ధగా గమనించి రాశారో చెప్పకపోతే ఆ పుస్తకమూ సగమే తెలిసినట్టు.

సినిమా గురించి క్లుప్తంగా. షిరీన్ నెషాత్ తీసిన ఆ చిత్రానికి 2009లో వెనిస్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ దర్శకత్వానికి 'వెండి సింహం' పురస్కారం వచ్చిన మాట నిజం. అందులో పడుపుగృహం యజమానురాలిగా పార్సీపూర్ స్వయంగా నటించిన మాటా నిజమే. అయితే వ్యాసకర్త అన్నట్టు సినిమా చూస్తే నవల చదివినట్టు కాదు. సినిమాలో ఉన్నది నలుగురే. చెట్టయిన మహ్‌దొఖ్త్ అందులో లేదు, ఆమె కథను దర్శకురాలు వేరే చిన్న చిత్రంగా అంతకు ముందే తీశారు. సినిమాతో సరిపెట్టుకున్న వారికి నవల మూలమే తెలియకుండా పోతుంది.

వ్యాసంలో పేరైనా రాని పెద్ద నవల ఇంకొకటి ఉంది. 1989లోనే వచ్చిన 'తూబా, రాత్రి అంతరార్థం' నా దృష్టిలో ఆమె రచనల్లోకెల్లా గొప్పది. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి ఇస్లామిక్ విప్లవం దాకా సుమారు ఎనభై ఏళ్ల ఇరాన్‌ను ఒక్క ఇంటి ముంగిట్లో నిలబెట్టి చూపిన నవల ఇది. తూబా తండ్రి పండితుడు. భూమి గుండ్రంగా ఉందని రూఢి అయిన రోజున ఆయనకు కలిగిన కలవరం ఎలాంటిదంటే, భూమి కదులుతున్నప్పుడు ఇంట్లో ఆడవాళ్ల ఆలోచనలూ కదులుతూనే ఉంటాయని తోచి, దానికి విరుగుడుగానో ప్రాయశ్చిత్తంగానో కూతురికి చదువు చెబుతాడు. ఆ చదువుతో తూబా దేవుణ్ణి వెతకాలనుకుంటుంది. తండ్రి పోయాక, తల్లిని పెళ్లాడతానని వచ్చిన యాభై రెండేళ్ల బంధువును పద్నాలుగేళ్ల తూబా తానే చేసుకుంటానంటుంది. ఆ పెద్దమనిషి ఊళ్లో వానలు పడకపోవడానికి కూడా ఈ పిల్లే కారణమని నమ్ముతాడు. ఆ తరువాత రాజవంశీకుడితో రెండో పెళ్లి, అతను మరో చిన్నపిల్లను తెచ్చుకోవడంతో విడాకులు. ఇన్నింటి మధ్య ఆమె వెతుకులాట రేపు, రేపు అని వాయిదా పడుతూనే ఉంటుంది.

ఆ ఇంటి ముంగిట్లో ఒక దానిమ్మ చెట్టు ఉంది. సైనికుల అత్యాచారానికి గురై గర్భవతి అయిన సితారె అనే పిల్లను, పరువు కోసం, ఆమె మేనమామే చంపి ఆ చెట్టు కింద పాతిపెడతాడు. తూబాకు ఆ సంగతి తెలుసు. తెలిసీ ఆమె ఆ రహస్యాన్ని కాపాడుతూ, ఆ ఇల్లు కదలలేక, చెట్టును కొట్టనివ్వలేక దశాబ్దాలు గడుపుతుంది. ప్రభుత్వాలు మారతాయి, వీధులు వెడల్పవుతాయి, ఇల్లు శిథిలమవుతుంది, దానిమ్మ కాస్తూనే ఉంటుంది. చెడును చేసిన వారి గురించి రాసిన నవలలు మనకు చాలా ఉన్నాయి. చెడును చూసి, తెలుసుకుని, దాని మీద ముగ్గు పెట్టుకుంటూ బతికిన ఒక మంచి ఆడమనిషి గురించి ఇంత దయగా, ఇంత నిర్మొహమాటంగా రాసిన నవల నేను మరొకటి చదవలేదు. పరువు పేరు చెప్పి కన్నవారే పిల్లలను చంపుకున్న వార్తలు మీ జిల్లా పేజీల్లోనే చదువుతున్న మాకు ఇది దూరదేశపు కథ కాదు.

పార్సీపూర్‌ను వ్యాసకర్త 'ఇరాన్ చలం' అన్నారు. చలం మీద నాకు ఎంతో గౌరవం ఉంది. ఈ గోదావరి తీరాన ఆయన్ను చదివినవారూ, చదవకూడదని దాచినవారూ, దాచిన చోటు నుంచి తీసి చదివినవారూ ఉన్నారు. అయినా ఈ పోలిక సరిపోదు. చలం స్త్రీలు ప్రేమ కోసం గడప దాటుతారు. పార్సీపూర్ స్త్రీలకు ప్రేమ ఎదురైతే కాదనరు గాని, వారు గడప దాటేది తెలుసుకోవడానికి. వీధిలో ఏం జరుగుతోంది, నా శరీరం ఏమిటి, దేవుడెక్కడ ఉన్నాడు అన్నవి వారి ప్రశ్నలు. చలం 1950లో అరుణాచలం వెళ్లిపోవడం ఆయన ఇష్టం. పార్సీపూర్ 1994లో అమెరికా వెళ్లడం, పుస్తకాలు నిషేధానికి గురై, కేసులు చుట్టుకుని, బతుకుతెరువు మూసుకుపోయాక జరిగినది.

ఈ తేడా మా వైపు వారికి వేరుగా చెప్పనక్కర లేదనుకుంటాను. కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి పల్లెల నుంచి కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లి ఇళ్లలో చాకిరీ చేసే ఆడవాళ్లున్న ఇళ్లు మాకు వీధి వీధినా ఉన్నాయి. వారి కష్టం చిన్నది కాదు, పాస్‌పోర్టు యజమాని చేతిలో పెట్టి నెలల తరబడి ఇంటికి ఫోను చెయ్యలేని వారిని నేనెరుగుదును. అయినా ఒప్పందం ముగిస్తే ఊరికి రావచ్చు, సంక్రాంతికి పిల్లలను చూసుకోవచ్చు అన్న ఆశ వారికి ఉంటుంది. ప్రవాసంలో ఉన్న రచయిత్రికి పోయినది ఊరొక్కటే కాదు, పాఠకులు. కాలిఫోర్నియాలో కూర్చుని ఫార్సీలో రాసిన పుస్తకం టెహ్రాన్ దుకాణంలో అమ్మకూడదు. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి నడిచే ఫార్సీ రేడియోలో ఆమె ఏళ్ల తరబడి సాహిత్య కార్యక్రమాలు చేయడానికి కారణం అదే అయి ఉంటుందని నేననుకుంటాను. పుస్తకం దాటలేని సరిహద్దును గొంతు దాటుతుంది. 2010లో బ్రౌన్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, సంతోషం. కాని తన భాషలో తన ఊరివాళ్లు చదవడానికి ఏ డాక్టరేటూ సాటి రాదు.

కాబట్టి మీ పత్రికకు నా మనవి ఒక్కటే. ప్రవాస రచయితల గురించి రాయించండి, తప్పకుండా రాయించండి. అయితే వారి శిక్షాకాలంతో పాటు వారి రచనను కూడా అచ్చు వెయ్యండి. రష్యన్, బెంగాలీ నవలలను సొంతం చేసుకుని చదివిన తెలుగువారికి ఫార్సీ నవల కొరుకుడు పడదన్న భయం అనవసరం. ఉస్మానియాలో ఫార్సీ శాఖ ఉంది, హైదరాబాద్‌లో ఆ భాషా ఈ భాషా వచ్చినవారు ఉన్నారు. ఇంగ్లీషు మీదుగా కాకుండా నేరుగా ఫార్సీ నుంచి తెలుగు చేయించే అవకాశం మనకు ఉన్నంతగా చాలా భాషలకు లేదు. అనుమతులు తెచ్చి పుస్తకం వేసే పని ప్రచురణకర్తలది. ఆ పనికి వారిని పూనుకునేలా చేయడం మీ వంటి పెద్ద పత్రిక తలచుకుంటే కష్టం కాదు. గ్రంథాలయోద్యమానికి పితామహుడైన అయ్యంకి వెంకటరమణయ్య గారు పుట్టిన కొంకుదురు మాకు ఎంతో దూరం కాదు. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను ఈనాటికీ కడుతున్న ఈ జిల్లాల పల్లెల్లో, పోటీపరీక్షల పుస్తకాల పక్కన ఒక అనువాద నవలకు బీరువాలో చోటు దొరకకపోదు.

అందాకా, అనుమతి తీసుకుని, మీ ఆదివారం పుటలో ఒక్క అధ్యాయమైనా తెలుగులో వెయ్యవలసిందని కోరుతున్నాను. మహ్‌దొఖ్త్ అధ్యాయంతో మొదలుపెట్టవచ్చు. అది పుస్తకం కావడానికి చాలా ముందు, 1974లో, ఇరాన్‌లో ఒక సాహిత్య పత్రికలోనే మొదట అచ్చయింది.

భవదీయురాలు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
అమలాపురం మండలం, కోనసీమ.